నూట ముప్పై ఎనం

మొన్న పనిమీద క్లెమెంటి వైపు వెళ్ళి స్టాపులో నిలబడి ఉంటే నూట ఎనభై మూడో నంబరు బస్సు వచ్చింది. నేను ఎక్కాల్సిన బస్సు అది కాదు. అయినా చెయ్యి దానంతట అదే లేచింది. బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది. డ్రైవరు నా మొహంలో నవ్వు చూసి, ఎవరో తెలిసినవాడేమో అనుకుని తనూ నవ్వాడు. ఎక్కి కూర్చున్నాను. అంత మంచి నంబరు ఎదురుగా వచ్చి ఆగితే ఎక్కకుండా వదిలేశానని తెలిస్తే స్కోరు ఆంటీ నన్ను బతకనిచ్చేది కాదు.

ఇప్పుడు తెలిసే దారి లేదు. పోయిన నెల చోవా చూ కాంగ్‌లో కూతురింట్లో, మధ్యాహ్నం పూట టీవీలో బ్యాడ్మింటన్ చూస్తూ, కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. కూతురు ఫోన్ చేసి, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే లా తగిలించి, "అమ్మ లాస్ట్ గేమ్ ఫుల్‌గా చూసేసింది లా. హాఫ్‌లో పోలేదు" అని చెప్పి ఏడుపు మధ్యలో నవ్వేసింది. నాకూ రెండూ ఒకేసారి వచ్చాయి. బస్సు ఎటు పోతోందో చూసుకోకుండా చివరిదాకా కూర్చుని ఆవిడనే తలుచుకున్నాను.

ఆవిడకి పేరు లేక కాదు. ఫ్లాట్ కింద ఉత్తరాల డబ్బా మీద చక్కగా రాసి ఉండేది. కానీ ఆదివారం క్రికెట్ మైదానానికి వచ్చే తెలుగువాళ్ళందరికీ ఆవిడ స్కోరు ఆంటీయే. నేనూ ఇక్కడ ఆ పేరే వాడతాను, ఆవిడకి అదే ఇష్టం కనక.

నేను సింగపూరు వచ్చింది ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీలు తప్పి బోర్లా పడతాయని అందరూ హడలిపోతున్న రోజుల్లో. రెండువేల సంవత్సరం తరుముకొస్తోంది. ఆ హడలు మాబోటి వాళ్ళకి కలిసొచ్చింది. కంప్యూటరు ముందు కూర్చోవడం వచ్చిన ప్రతివాడినీ విమానం ఎక్కించి పంపేస్తున్నారు. అలా వచ్చిపడ్డ వాళ్ళలో గుడివాడ నుంచి నేనూ, కరీంనగర్ నుంచి మల్లేశూ ఉన్నాం. క్లెమెంటిలో అద్దెగది ఉందంటే ఇద్దరం కలిసి చూడ్డానికి వెళ్ళాం.

తలుపు తీసిన మనిషి మా భుజాల దాకా కూడా లేదు. పువ్వుల సారంగు లుంగీలా చుట్టుకుని, జుట్టు ముడి వేసి, ముడిలో పెన్సిల్ గుచ్చుకుని ఉంది. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆవిడ పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది, భర్తని సాగనంపింది అంతా ఇక్కడే. ఇండియా ఎప్పుడూ చూడలేదు. తెలుగు మాత్రం తాతగారు తెచ్చినది తెచ్చినట్టే ఉంచుకుంది, మధ్యలో కాస్త తమిళం, కాస్త మలాయి కలిపి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు ఉద్యోగం ఏమిటి, వంటింట్లో మాంసం వండుతారా, రాత్రి ఎన్నింటికి వస్తారు అని అడుగుతారని మేము జవాబులు సిద్ధం చేసుకుని వెళ్ళాం. ఆవిడ అవేవీ అడగలేదు.

"మొట్టమొదటి టెస్టు మేచ్ ఎంత తేడాతో గెలిసినారో తెలుసా బాబూ?" అంది.

మాకు తెలియదు.

"నలభై ఐదు పరుగులు. నూరేళ్ళయినాక అదే ఊర్లో, అయ్యే రెండు దేశాలు పండగ మేచ్ ఆడినాయి. ఎవులు గెలిసినారు? ముందు గెలిసినోళ్ళే. ఎంత తేడా?"

మల్లేశ్ వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయాడు.

"నలభై ఐదు" అంది, తొడమీద చరుచుకుని. "సమా సమా. నూరేళ్ళు ఆగి వచ్చినాది బాబూ, అదే అంకె."

మల్లేశ్ నోరు తెరిచేశాడు. ఆ నోరు చూసే గది ఇచ్చాననీ, నలభై ఐదు విని నోరు తెరవనివాడికి తన ఇంట్లో చోటు లేదనీ తర్వాత చెప్పింది.

ఈ 'సమా' అన్న మాట నన్ను చాలాకాలం మోసం చేసింది. మన సమం, సమానం అనే అంటోంది, పెద్దావిడ కనక చివర్లో సున్నా మింగేస్తోంది అనుకున్నాను. ఒకరోజు కూరగాయల కొట్లో మలాయి ముసలావిడకి చిల్లర అందిస్తే ఆవిడ నాకు థాంక్స్ చెప్పింది. నా పక్కనున్న ఆంటీ నా తరఫున "సమా సమా" అని జవాబిచ్చేసింది. ఇదేమిటంటే మలాయిలో సమా అంటే ఒకటే, సమా సమా అంటే మాదేముంది, నువ్వూ నేనూ ఒకటే అని. మన మాటా వాళ్ళ మాటా అచ్చుగుద్దినట్టు కలిశాయి కదా అని నేను ఆశ్చర్యపోతుంటే, ఆవిడ నడిరోడ్డు మీద సంచీ కింద పెట్టి, "ఇన్నాళ్ళకి నువ్వు ఒక సమా పట్టినావు" అని నా భుజం తట్టింది. ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా నాకు అంత గర్వం కలగలేదు.

సమా పడిన రోజు ఇంట్లో పండగే. నల్లబియ్యం మెత్తగా ఉడికించి, బెల్లం వేసి, పైన చిక్కటి కొబ్బరిపాలు పోసి ఇచ్చేది. ఫుట్‌బాల్, హాకీ, బ్యాడ్మింటన్, ఏ ఆట అయినా సరే. అక్కడ ఓడినవాళ్ళ స్కోరు ఇక్కడ గెలిచినవాళ్ళ స్కోరైతే చాలు, వంటింట్లోంచి కొబ్బరి వాసన వచ్చేది. ఆ వాసనకి అలవాటుపడ్డ మల్లేశ్ ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూనే, "ఆంటీ, ఇయ్యాల ఒక సమా దొరికింది" అని మొదలుపెట్టాడు. ఏదో హాకీ మ్యాచ్ గోల్సుకి ఇంకేదో టోర్నమెంటు గోల్సు కలిపి, అందులోంచి ఆటగాళ్ళని తీసేసి, చివరికి ఏదో అంకె తెచ్చాడు. ఆవిడ శ్రద్ధగా విని లోపలికెళ్ళింది. గిన్నె తెచ్చి వాడి ముందు పెట్టింది. అందులో ఉడికిన నల్లబియ్యం ఉంది. బెల్లం లేదు, పాలు లేవు.

"ఇదేంది ఆంటీ, సప్పగుంది" అన్నాడు వాడు.

"నీ సమా అలాగే ఉన్నాది" అంది. "సమా దొరకాల నాయనా. సెయ్యకూడదు."

కింద కాఫీ కొట్లో కూర్చునే చైనా పెద్దాయన ఆవిడ కనిపించినప్పుడల్లా లాటరీకి ఒక నంబరు చెప్పమని ప్రాధేయపడేవాడు. ఎప్పుడూ చెప్పలేదు. అంకెలు వాటంతటవి ఆడుకుంటుంటే మధ్యలో మనం జేబులో చెయ్యిపెట్టడం ఏమిటని ఆవిడ బాధ.

నేను ఒకసారి ఇంజినీరునన్న పొగరుతో ఆవిడకి పాఠం చెప్పబోయాను. ప్రపంచంలో రోజూ ఇన్ని మ్యాచ్‌లు జరుగుతుంటే, ఇన్ని అంకెలు పుడుతుంటే, ఏవో రెండు కలవడంలో వింత లేదని, అది ఉత్త లెక్క అని చెప్పాను. వంకాయలు తరుగుతూ అంతా విన్నది.

"లెక్కేనా?"

"లెక్కే ఆంటీ."

"మరి నేనేటి దెయ్యం అన్నానా? లెక్కంటేనే కదా నాకిష్టం" అంది.

ఇక నూట ఎనభై మూడు సంగతి. మనవాళ్ళు ఎనభైమూడులో ప్రపంచకప్పు గెలిచిన ఫైనల్లో చేసిన పరుగులు నూట ఎనభై మూడు. ఆవిడకి ఇది దేవుడి పటం లాంటి అంకె. తొంభై తొమ్మిదిలో మళ్ళీ ప్రపంచకప్పు వచ్చింది, ఇంగ్లండులో. ఒక సాయంత్రం మన ఎడమచేతివాటం కుర్రాడు శ్రీలంకని చితకబాదుతున్నాడు. నేను ఆఫీసు నుంచి వచ్చి స్నానానికి వెళ్ళాను. తలమీద సబ్బు నురగ ఉంది. తలుపు విరిగిపోతుందేమో అన్నట్టు బాదుతోంది ఆవిడ.

"బయటికి రా బాబూ, దగ్గిరికొచ్చేసినాడు."

తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చాను. ఆఖరి ఓవరు. దేశమంతా వాడు ఇంకో సిక్సరు కొట్టాలని మొక్కుకుంటోంది. మా ఇంట్లో ఆవిడ ఒక్కతే చేతులు జోడించి, "ఇంక సాలు నాయనా, అలిసిపోయినావు, ఔటైపో" అని వేడుకుంటోంది. వాడు గాల్లోకి లేపాడు, వాళ్ళు పట్టారు. నూట ఎనభై మూడు. ఆవిడ లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. మల్లేశ్‌ని వాటేసుకుంది. నా తువ్వాలు జారకుండా నేను పట్టుకుని ఎగిరాను. ఆ రాత్రి కొబ్బరిపాలు గిన్నె అంచుల మీదుగా కారాయి.

మర్నాడు పొద్దున్న నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే తనూ చీర కట్టుకుని, తెల్ల క్యాన్వాస్ బూట్లు వేసుకుని తయారైంది. ఎక్కడికంటే చెప్పదు. నాతోపాటు సైన్స్ పార్కు బస్సెక్కింది. అప్పుడు తట్టింది నాకు, నేను రోజూ ఎక్కే బస్సు నంబరు ఏమిటో. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, పెళ్ళివారి బండిలో కూర్చున్నంత దర్జాగా చివరిదాకా వచ్చి, అదే బస్సులో తిరిగి వెళ్ళిపోయింది.

ఆదివారాలు ఆవిడ అసలు కొలువు. భర్త ఉన్నన్నాళ్ళూ ఆయన ఆడే మ్యాచ్‌లకి వెంట వెళ్ళి, గట్టుమీద ఊరికే కూర్చోలేక స్కోరు రాయడం నేర్చుకుందట. ఆయన పోయాక కూడా ఆ బల్ల వదల్లేదు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి బల్లమీద టిష్యూ పేకెట్టు పెట్టి చోప్ చేసుకునేది. ఇక్కడ ఎవరైనా టిష్యూ పేకెట్టు పెట్టారంటే ఆ చోటు వాళ్ళదే, ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. ఆవిడ బల్ల స్కోరు బోర్డుకి వెనక వైపు. బోర్డంటే ఒక పెద్ద చెక్క, దానికి మేకులు, మేకులకి అంకెల రేకులు. వెనకనుంచి ఆవిడ అంకె అరిస్తే, ముందు నిలబడ్డవాడు రేకు మార్చాలి. ఆవిడ బోర్డు చూసేది కాదు, చూడాల్సిన అవసరమూ రాలేదు. పరుగు రాని బంతికి పుస్తకంలో పెట్టే చుక్కని కూడా గుండ్రంగా, ముగ్గు పెడుతున్నట్టు పెట్టేది. ఎవరి పక్షమూ కాదు. తన వంట తినే నేను నాలుగు కొట్టినా, ముక్కూమొహం తెలియనివాడు కొట్టినా ఆ గొంతు ఒకలాగే పలికేది.

మా తెలుగువాళ్ళ లీగులో అసలు పోటీ రెండు జట్ల మధ్యే. కంప్యూటర్ల వాళ్ళం మేము. జురాంగ్ ఐలాండ్ ప్లాంట్లలో పనిచేసే వాళ్ళు వాళ్ళు. అంతకుముందు ఏడాది ఫైనల్లో మేమూ వాళ్ళూ చెరి నూట ముప్పై ఆరు కొట్టి సమం చేశాం. కప్పు ఆరునెలలు మా దగ్గర, ఆరునెలలు వాళ్ళ దగ్గర ఉంది. ఈసారి మళ్ళీ ఫైనల్. మళ్ళీ అవే జట్లు, అదే మైదానం, ఇరవై ఓవర్లు. మల్లేశ్ కాలు బెణికి ఆడలేక బోర్డు దగ్గర నిలబడ్డాడు. మేము ముందు బ్యాటింగ్ చేశాం. ఆఖరి బంతికి మా వాడు రెండు పరుగులు తీశాడు.

ఒక్క క్షణం ఆగి బోర్డు వెనకనుంచి కేక వచ్చింది. అలాంటి కేక అంతవరకు ఆవిడ నోటివెంట నేను వినలేదు. మల్లేశ్ గబగబా రేకులు మార్చాడు. ఒకటి, మూడు, ఎనిమిది. బావుంది, కిందటేడు కంటే రెండెక్కువ అని మా కెప్టెన్ చప్పట్లు కొట్టాడు. కింద చిన్న చెక్కమీద వాళ్ళు కొట్టాల్సింది నూట ముప్పై తొమ్మిది అని తగిలించారు.

వాళ్ళ జట్టులో రమణ అని కాకినాడ కుర్రాడు ఉండేవాడు. ప్లాంటులో పైపులు వెల్డింగ్ చేసేవాడు. కాంట్రాక్టు అయిపోయింది, మరుసటి వారం విమానం. మళ్ళీ వస్తాడో రాడో తెలియదు. అది వాడి ఆఖరి మ్యాచ్ అని అందరికీ తెలుసు. వాడు మొదట్లో వచ్చి చివరిదాకా నిలబడిపోయాడు. ఒకవైపు వికెట్లు పడుతున్నాయి, వాడు మాత్రం కదలడు. ఆఖరి ఓవరు నాది. అయిదు బంతులయ్యేసరికి బోర్డుమీద నూట ముప్పై ఆరు. ఒక్క బంతి, మూడు పరుగులు.

వేశాను. వాడు గట్టిగా కొట్టాడు, కానీ తిన్నగా మా కెప్టెన్ దగ్గరికి పోయింది. ఒక పరుగు తీయొచ్చు. ఒక పరుగుతో ఏం చేసుకుంటాడు? బ్యాటు నేలకి ఆనించి తల దించుకున్నాడు. మేము గెలిచాం. నన్ను ఎత్తేశారు. పైనుంచి చూస్తున్నాను, బోర్డు చుట్టూ తిరిగి, పుస్తకం చంకలో పెట్టుకుని, కొంగు జారిపోతుంటే పట్టించుకోకుండా ఆంటీ పరిగెత్తుకొస్తోంది.

"సమా, సమా సమా. నూట ముప్పై ఆరు, నూట ముప్పై ఆరు. పోయినేడు అదే, ఈయేడు అదే."

నన్ను కింద పడేశారు. పడేశారనే అనాలి, ఎవరూ దించలేదు.

"సమా ఏంటాంటీ, మేం గెలిచాం" అన్నాడు కెప్టెన్. "మాది నూట ముప్పై ఎనిమిది కదా."

ఆవిడ అప్పుడు మొదటిసారి బోర్డు ముందువైపు చూసింది. "ఎవులు పెట్టినారు ఎనిమిది?"

"మీరే అన్నరు గద ఆంటీ" అన్నాడు మల్లేశ్, కుంటుకుంటూ వచ్చి. "ముప్పై ఎనిమిది అని గట్టిగ ఒర్రిండ్రు."

ఆవిడ మొహం చూడాలి అప్పుడు. నెమ్మదిగా నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యయ్యో, అలమాక్. ఎనం అన్నాను నాయనా. ఎనం."

చిన్నప్పుడు మలాయి పిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడుతూ అంకెలు నేర్చుకున్న మనిషి. ఉద్రేకం వస్తే అంకె మలాయిలో వచ్చేస్తుంది. మలాయిలో ఎనం అంటే ఆరు. మా మొత్తం కిందటేటి మొత్తమే అని చూసిన సంతోషంలో ఆ ఒక్కసారికి నోరు అటు జారింది. కరీంనగర్ చెవికి ఎనం అనగానే మిగతా 'మిది' దానంతట అదే వినపడింది. ఆ సంగతి అర్థమయ్యేసరికి మైదానంలో సగంమంది గడ్డిమీద పడి నవ్వుతున్నారు. మల్లేశ్ చెవులు పట్టుకుని గుంజీలు తీశాడు. అంపైరు పుస్తకం చూశాడు, బంతి బంతీ కలిపి చూశాడు. పుస్తకంలో ఉన్నదే స్కోరు, మ్యాచ్ సమం అన్నాడు. రెండు జట్ల కెప్టెన్లూ సరేనన్నారు, కప్పు మళ్ళీ పంచుకుందాం అన్నారు. ఇక చూడండి. అవే జట్లు, అదే మైదానం, అవే పరుగులు, అదే ఫలితం. గెలుపు పోయిందన్న బాధ కూడా ఎవరికీ లేదు. అందరం ఆవిడ చుట్టూ మూగి, మీ జన్మకిది చాలు ఆంటీ అంటుంటే, చేతులు ఊపుతూ, కళ్ళు తుడుచుకుంటూ చిన్నపిల్లలా తిరిగింది. నేను ఆవిడని అంత సంతోషంగా ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

అంపైరు సంతకానికి పెన్ను ఇచ్చాడు. ముడిలో పెన్సిల్ ఉంది నాకు అంటూ చుట్టూ చూసి ఆగింది. దూరంగా రమణ ఒక్కడే కూర్చుని ప్యాడ్లు విప్పుకుంటున్నాడు. దగ్గరికెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను.

"బాబూ, ఆ ఆఖరి బంతికి పరుగెందుకు తియ్యలేదు?"

"మూడు కావాలనుకున్నానండి" అన్నాడు వాడు. "ఒక్కటి చాలని తెలిస్తే ఎలాగైనా తీసేసేవోణ్ణండి. పర్లేదండి. సమమే కదండీ, బానే ఉంది."

ఆవిడ తిరిగొచ్చి పుస్తకం బల్లమీద పెట్టి, "ఆఖరి బాలు మళ్ళా వెయ్యాల" అంది.

మా కెప్టెన్ విజయవాడ వాడు, నోరు ఊరుకోదు. "రూల్లో అట్లా లేదాంటీ" అన్నాడు.

"రూలు నాకు తెలుసు. నా నోరు తప్పు సేసినాది, ఆ పిల్లడి పరుగు పోయినాది. నేను సంతకం పెట్టను."

"మళ్ళీ వేస్తే మీ సమా పోతుందేమో చూసుకోండి."

"నేను సెయ్యి పెట్టినాక అది సమా ఎలాగవుతాది? దొంగ సమా నాకెందుకు?"

అంత మనసుపడ్డది వదులుకుంటోందని అందరికీ తెలుస్తూనే ఉంది. మా కెప్టెన్ బంతి నావైపు విసిరాడు. రమణ మళ్ళీ ప్యాడ్లు కట్టుకున్నాడు. ఎవరి చోట్లలోకి వాళ్ళు వెళ్ళాం. ఈసారి ఒక్క పరుగు వస్తే వాళ్ళ గెలుపు, రాకపోతే నిజమైన సమం. బంతి నా చేతిలో తడిసిపోయింది. నా శక్తికొద్దీ వేశాను. వాడు కొట్టాడు, మళ్ళీ కెప్టెన్ వైపే. అవతలివాడు సగం దూరం వచ్చేశాడు, రమణ మాత్రం భయంతో ఒక్క అడుగు వేసి తటపటాయించాడు. అప్పుడు బల్ల దగ్గరనుంచి అరుపు.

"ఓడు, ఓడు, ఓడు."

మైదానంలో ఉన్న మా పదకొండుమందిమీ అటు తిరిగాం. ఆంటీ కుర్చీమీదికెక్కి నిలబడి మమ్మల్ని ఓడిపొమ్మంటోంది. కెప్టెన్ చేతిలో బంతి ఉండగానే నోరు వెళ్ళబెట్టాడు. రమణ పరిగెత్తాడు. బంతి విసిరేసరికి వాడు దూకి నేలమీద పడి గీత దాటేశాడు. నూట ముప్పై ఏడు. వాళ్ళ కుర్రాళ్ళు వాణ్ణి ఎత్తుకుని మైదానమంతా తిప్పారు. కప్పు వాడికిచ్చి, ఏడాదంతా నీ దగ్గరే పెట్టుకో, ఊరు తీసుకుపో అన్నారు.

నేను కోపంగా బల్ల దగ్గరికి వెళ్ళాను. "మీ అన్నం తింటున్నాం ఆంటీ. మమ్మల్ని ఓడమంటారా?"

"నిన్నెవులన్నారు? ఆ పిల్లణ్ణి అన్నాను, ఓడు అని."

"అదేగా, ఓడమన్నారు."

"ఓడమనే అన్నాను, నిలబడిపోతే ఎలాగ?"

కాసేపటికి తెలిసింది నాకు. తమిళంలో ఓడు అంటే పరుగెత్తు. ఇద్దరం ఒకరి మాట ఒకరికి అర్థమై నవ్వుకునేసరికి కోపం పోయింది. కానీ ఎవరి పక్షమూ కాని ఆ మనిషి, తన సమాని చెడగొట్టే పరుగు కోసం కుర్చీ ఎక్కి అరిచింది. బాధగా లేదా అని అడిగాను. "ఉన్నాది. ఎందుకుండదు" అంది, పుస్తకంలో ఒకటి వేస్తూ.

ఆ సమా కోసం తర్వాత కూడా ఎదురుచూస్తూనే ఉంది. రెండువేల సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లేవీ బోర్లా పడలేదు, చాలామంది అమెరికాకో ఇంటికో వెళ్ళిపోయారు. మల్లేశ్ వెళ్ళాడు. నేను మిగిలాను. కొన్నేళ్ళకి ఆవిడకి చూపు మందగించింది. దూరంగా అంపైరు చేతులు కనపడక పక్కవాళ్ళని అడిగి రాసేది. వచ్చే ఏడు మానేస్తానంది. ఆ ఆఖరి ఏడు మళ్ళీ ప్లాంటు జట్టుతో ఆట, అదే మైదానం. మేము నూట ముప్పై ఆరు చేశాం. ఈసారి బోర్డు వెనకనుంచి కేక లేదు. తెలుగులో, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా వినపడింది.

ఆఖరి ఓవరు మళ్ళీ నాకే ఇచ్చారు. ఆఖరి బంతికి వాళ్ళది నూట ముప్పై ఐదు. ఎదురుగా ఉన్నవాడు ఆటకి కొత్త. కాళ్ళమీదికి మెత్తగా ఒకటి వేస్తే చాలు, వాడు తోసి ఒక్క పరుగు తీస్తాడు. ఎవరూ ఓడరు, ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ తెలియదు. ఆవిడకి సమా దొరుకుతుంది. నిజం చెప్పాలంటే నాకు ఇచ్చెయ్యాలనిపించింది. పరుగు మొదలుపెట్టాల్సిన చోట నిలబడి బంతి ప్యాంటుకి రుద్దుతూ ఉండిపోయాను. బోర్డు అడ్డం, ఆవిడ కనపడదు. చివరికి నాకు వచ్చినవాటిలో మంచి బంతి వేశాను. తిన్నగా వెళ్ళి వాడి బ్యాటు కిందనుంచి వికెట్లు లేపేసింది. ఒక్క పరుగుతో గెలిచాం. అందరూ నా మీద పడ్డారు. నేను వాళ్ళని విదిలించుకుని, తప్పు చేసినవాడిలా బల్ల దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ పుస్తకంమీదికి వంగి ఆ బంతికి వికెట్టు గుర్తు పెడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"బాలు వెయ్యడానికి అంతసేపేటి?"

నేను వంగి బూటు లేసు సర్దుకున్నాను.

"ఇచ్చెయ్యాలనిపించినాదా?"

"అనిపించింది ఆంటీ."

తల ఎత్తి నావైపు చూసింది. నా మొహం ఆవిడకి ఎంతమాత్రం కనపడిందో తెలియదు. కుర్చీలో కొంచెం పక్కకి జరిగి చోటు చేసింది.

"కూకో" అంది. "ఇంకన నువ్వు స్కోరు రాయొచ్చు."